ప్రాచీన గ్రీకు వెండి నాణేలు

క్రీ.పూ. 6వ శతాబ్ది నుంచి క్రీ.పూ. 1వ శతాబ్ది దాకా గ్రీకు నగర రాజ్యాలు, వాటి వలసలు, అలెగ్జాండర్ తర్వాత వచ్చిన రాజవంశాలు ముద్రించిన వెండి డబ్బును ప్రాచీన గ్రీకు వెండి నాణేలు అంటారు. పశ్చిమాన స్పెయిన్ తీరం మొదలుకొని తూర్పున పంజాబు వరకు ఇవి చెలామణి అయ్యాయి. వందలాది నగరాలు సొంత నాణేలు వేసుకున్నాయి. ఏ నగరం గుర్తు దానిదే. నాణెం మీద విలువ తెలిపే అంకె సాధారణంగా ఉండేది కాదు. తూకానికి, వెండి వన్నెకు తామే పూచీ అని ఆ నగరం చెప్పే మాట బొమ్మ రూపంలోనే ఉండేది. ఈ పూచీ ఎంత దూరం చెల్లాలి అన్నదాన్ని బట్టే కొన్ని నగరాలు బొమ్మను తరతరాలు మార్చకుండా ఉంచాయి, మరికొన్ని పదేపదే కొత్తగా చెక్కించాయి. గ్రీకు నాణేల రూపకళా చరిత్రలో ముఖ్యమైన తేడా ఇదే.

పుట్టుక

తొలి నాణేలు వెండివి కావు. నేటి పశ్చిమ టర్కీలోని లిడియా రాజ్యంలో, పక్కనున్న గ్రీకు తీర నగరాల్లో క్రీ.పూ. 7వ శతాబ్ది చివరి భాగంలో బంగారం, వెండి కలిసిన ఎలక్ట్రం ముద్దలపై గుర్తులు కొట్టడం మొదలైంది. ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ ఆలయం పునాదుల్లో ఇలాంటివి దొరికాయి. ఆ కాలపు నాణెం ఒకదానిపై మేస్తున్న దుప్పి బొమ్మ, దాని పైన ‘నేను ఫానెస్ గుర్తును’ అనే భావంతో గ్రీకు రాత ఉన్నాయి. ఫానెస్ ఎవరో తేలకపోయినా, నాణెం మీది బొమ్మ ఎవరో ఒకరి హామీగా పుట్టిందని ఆ రాత చెబుతోంది.

ఎలక్ట్రంలో బంగారం పాలు ఎంతో కంటితో చూసి చెప్పలేం. క్రీ.పూ. 6వ శతాబ్ది మధ్యలో లిడియా రాజు క్రీసస్ కాలంలో ఈ రెండు లోహాలనూ వేరుచేసి, ఎదురెదురుగా నిలిచిన సింహం, ఎద్దు ముందుభాగాల గుర్తుతో బంగారు, వెండి నాణేలు వేశారు. ఏజియన్ సముద్రానికి పశ్చిమాన ఉన్న గ్రీకు నగరాలకు బంగారం అరుదు, వెండి అందుబాటులో ఉంది. ఎజీనా, కొరింత్, ఏథెన్స్ ఆ శతాబ్దిలోనే వెండి బాట పట్టాయి. వర్తక ద్వీపమైన ఎజీనా స్టేటర్ అనే తన 12.2 గ్రాముల ప్రధాన నాణెం మీద సముద్రపు తాబేలును ముద్రించింది. మొదట్లో బొరుసు వైపు బొమ్మ ఉండేది కాదు. వెనక నుంచి అచ్చు కొట్టిన గుంట మాత్రమే నలుచదరంగా మిగిలేది.

గని నుంచి టంకశాల దాకా

ఏథెన్స్‌కు వెండి ఆట్టికా ఆగ్నేయ కొసనున్న లారియన్ గనుల నుంచి వచ్చేది. అక్కడి ఖనిజం ప్రధానంగా సీసానిది, అందులో వెండి కొద్దిపాటిగా కలిసి ఉంటుంది. ఖనిజాన్ని దంచి, నీటితో కడిగి, కొలిమిలో కరిగిస్తే వెండి కలిసిన సీసం దిగేది. దాన్ని గాలి కొడుతూ మళ్లీ పుటం పెట్టినప్పుడు సీసం భస్మమై విడిపోయి వెండి మిగిలేది. గనుల్లో దిగి తవ్వింది ఎక్కువగా బానిసలు. సేనాని నికియస్ వెయ్యిమంది బానిసలను తలకు రోజుకు ఒబోల్ అనే చిన్న నాణెం ఒకటి చొప్పున గనులకు అద్దెకిచ్చాడని జెనోఫోన్ రాశాడు.

నాణెం తయారీకి రెండు అచ్చులు కావాలి. కంచు లేదా ఇనుప దిమ్మపై పనివాడు బొమ్మను తిరగేసి, లోతుగా చెక్కేవాడు. బొమ్మవైపు అచ్చును దాగలిలో బిగించేవారు. బొరుసు అచ్చును చేతితో పట్టుకునే పోటు కొసన చెక్కేవారు. తూకం చూసి పోతపోసిన వెండి బిళ్లను వేడిచేసి రెండింటి మధ్య పెట్టి సమ్మెటతో కొడితే రెండు వైపులా ఒకేసారి ముద్ర పడేది. బిళ్ల కాస్త పక్కకు జరిగితే గుర్రం చెవో, గుడ్లగూబ తోకో అంచు దాటి పోయేది. అందుకే ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేలు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. సమ్మెట దెబ్బ నేరుగా తగిలే పోటు త్వరగా పగిలేది, దాగలిలోని అచ్చు ఎక్కువకాలం మన్నేది. అందువల్ల లోతుగా, శ్రమపడి చెక్కాల్సిన తలబొమ్మను చాలా నగరాలు దాగలి అచ్చులోనే ఉంచాయి.

తూకాలు, విలువలు

ఏథెన్స్ లెక్కలో ఆరు ఒబోల్‌లు ఒక డ్రాక్మా, వంద డ్రాక్మాలు ఒక మీనా, అరవై మీనాలు ఒక టాలెంట్. డ్రాక్మా తూకం సుమారు 4.3 గ్రాములు, టాలెంట్ అంటే దాదాపు 26 కిలోల వెండి. మీనా, టాలెంట్ లెక్క కట్టే కొలతలే, ఆ పేర్లతో నాణేలు ఉండేవి కావు. దూరదేశపు వర్తకంలో ఎక్కువగా తిరిగింది నాలుగు డ్రాక్మాల నాణెం, అంటే 17.2 గ్రాముల టెట్రాడ్రాక్మా. క్రీ.పూ. 5వ శతాబ్ది చివర ఎరెక్థియాన్ ఆలయ నిర్మాణపు ఖర్చు లెక్కల్లో నైపుణ్యం గల పనివాడి రోజుకూలి ఒక డ్రాక్మా. అదే కాలంలో న్యాయస్థానంలో జూరీగా కూర్చున్న పౌరుడికి మూడు ఒబోల్‌లు దక్కేవి.

తూకాలు మాత్రం అన్నిచోట్లా ఒకటి కావు. ఎజీనా డ్రాక్మా ఏథెన్స్ దానికంటే బరువైనది. కొరింత్ తన 8.6 గ్రాముల స్టేటర్‌ను మూడు డ్రాక్మాలుగా విభజిస్తే, ఏథెన్స్‌లో అదే బరువు రెండు డ్రాక్మాలు. కొరింత్ స్టేటర్ ఏథెన్స్ రెండు డ్రాక్మాలకు సరితూగడంతో ఈ రెంటి మధ్య మారకం తేలిక, మిగతా చోట్ల డబ్బు మార్చే షరాబుల అవసరం పడేది. చిల్లర కోసం ఒబోల్‌లో నాలుగో వంతు, 0.18 గ్రాముల నాణేలు కూడా వేశారు. గింజంత ఈ నాణేలను బజారుకు వెళ్లేవాళ్లు నోట్లో పెట్టుకునేవారని అరిస్టోఫనీస్ నాటకాల వల్ల తెలుస్తుంది.

ఊరికో గుర్తు

గుర్తును ఎంచుకోవడంలో కొన్ని పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది ఊరి పేరును బొమ్మతో పలికించడం. రోడ్స్ ద్వీపానికి గులాబీ, ఫోకైయాకు సీల్ అనే సముద్ర జంతువు, పాంఫీలియాలోని సీదెకు దానిమ్మ, సిసిలీలోని సెలినస్‌కు అడవి సెలరీ ఆకు గుర్తులయ్యాయి. ఆ ఊళ్ల పేర్లు గ్రీకులో, స్థానిక భాషల్లో వీటి పేర్లతో కలిసేవి. సిసిలీలోనే ఉన్న జాంక్లె ఓడరేవు కొడవలి ఆకారంలో ఉండేది. ఆ ఊరి నాణెం మీద కొడవలి వంపు, దాని లోపల ఒక డాల్ఫిన్ ఉన్నాయి.

రెండోది ఊరికి బతుకునిచ్చిన పంట. దక్షిణ ఇటలీలోని మెటపోంటం బార్లీ కంకిని వేసుకుంది. ద్రాక్షసారాకు పేరుపడ్డ మెండె నగరం, పాత్ర చేతపట్టి గాడిద మీద ఒరిగిన డయొనైసస్‌ను చూపింది. ఉత్తర ఆఫ్రికాలోని కైరీనీ సిల్ఫియం అనే మొక్కను ముద్రించింది. మందుగా, వంటలో రుచికి వాడిన ఆ మొక్క కైరీనీకి గొప్ప ఎగుమతి. తన కాలంలో దొరికింది ఒకే ఒక్క కాడ అని, దాన్ని నీరో చక్రవర్తికి పంపారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. లావుపాటి కాండం, గుత్తులుగా విచ్చిన పూలు ఎలా ఉండేవో నేడు మనకు చూపే ముఖ్యమైన ఆధారం ఈ నాణేలే.

మూడోది దేవతలు, స్థలపురాణాలు. కొరింత్ నాణెం మీద రెక్కల గుర్రం పెగాసస్, బొరుసున శిరస్త్రాణంతో ఎథీనా. ఆ స్టేటర్లను జనం వాడుకలో గుర్రప్పిల్లలు అనేవారు. క్రీట్‌లోని క్నోసస్ తన నాణెం మీద చిక్కుదారుల భవనాన్నే గీయించింది. ఎఫెసస్ గుర్తు తేనెటీగ. దక్షిణ ఇటలీలోని టారస్ నాణేల మీద డాల్ఫిన్ ఎక్కిన యువకుడు. ఒలింపిక్ క్రీడలు నడిపిన ఎలిస్ నగరం జ్యూస్‌ను, ఆయన గద్దను ముద్రించింది.

రాతలు పొదుపుగా ఉండేవి. సాధారణంగా ఊరివాళ్ల పేరు షష్ఠీ విభక్తిలో ఉండేది, అంటే ఈ నాణెం ఫలానా వారిది అని భావం. కొరింత్ అయితే తన పేరులోని పాత అక్షరం కొప్పాను ఒక్కదాన్నే గుర్రం కాళ్ల కింద పెట్టి సరిపెట్టింది.

దక్షిణ ఇటలీలోని సైబారిస్, మెటపోంటం, క్రోటన్ వంటి నగరాలు ఒక వింత పద్ధతి పాటించాయి. బొమ్మవైపు ఉబ్బెత్తుగా ఉన్న రూపమే బొరుసు వైపు గుంటగా కనిపిస్తుంది. పలుచని బిళ్లకు ఇరువైపులా ఒకే బొమ్మ పొసిగేలా రెండు అచ్చులనూ కచ్చితంగా కలిపి కొట్టేవారు. సైబారిస్ క్రీ.పూ. 510లో నాశనమైంది కాబట్టి, వెనక్కి తిరిగి చూస్తున్న ఎద్దు గుర్తుగల దాని నాణేలు అంతకు ముందువే. ఈ రకం నాణేల కాలనిర్ణయానికి ఆ తేదీ ఒక స్థిరమైన ఆధారం.

ఏథెన్స్ గుడ్లగూబ

ఏథెన్స్ మొదట్లో గుర్తులు మారుస్తూ నాణేలు వేసింది. క్రీ.పూ. 6వ శతాబ్ది చివర్లో ఒకే రూపానికి స్థిరపడింది. బొమ్మవైపు ఎథీనా తల, బొరుసున ఆమె పక్షి గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ కొమ్మ, ముందు నగరం పేరులోని మూడు అక్షరాలు. పర్షియన్ యుద్ధాల తర్వాత ఎథీనా శిరస్త్రాణం మీద ఆలివ్ ఆకులు, గుడ్లగూబ భుజం వెనక నెలవంక చేరాయి.

క్రీ.పూ. 483లో లారియన్‌లో కొత్త వెండి పొర బయటపడింది. ఆ రాబడిని పౌరులకు పంచాలన్న ఆలోచనను పక్కన పెట్టించి, యుద్ధనౌకలు కట్టేలా నాయకుడు థెమిస్టొక్లీస్ ప్రజలను ఒప్పించాడు. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్ నౌకాదళాన్ని ఓడించినవి ఆ నౌకలే. ఆ తర్వాత ఏథెన్స్ సామ్రాజ్యంగా ఎదిగి, కప్పం వసూలు చేసి, గుడ్లగూబలను పెద్ద ఎత్తున ముద్రించింది. ఈజిప్టు, సిరియా, అరేబియాల్లో కూడా వాటికి నకళ్లు వేశారు.

నాణేన్ని చేతిలోకి తీసుకుని చూస్తే మొదట కనిపించే విశేషం ఎథీనా కన్ను. ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదుటికి చూస్తున్నట్టు బాదం ఆకారంలో ఉంటుంది. క్రీ.పూ. 5వ శతాబ్ది మధ్యకల్లా పార్థెనాన్ శిల్పులు మనిషి దేహాన్ని సహజంగా మలచడంలో ఆరితేరారు. అదే నగరపు టంకశాల మాత్రం ఆ పాతకాలపు కన్నును తర్వాతి శతాబ్ది దాకా వదల్లేదు. చెక్కేవాళ్లకు చేతగాక కాదు. గుడ్లగూబను చూడగానే సరుకు ఇచ్చేసే ఈజిప్టు వర్తకుడు కొత్త ముఖాన్ని చూసి సందేహిస్తే నష్టం ఏథెన్స్‌కే.

విలువల తేడా కూడా గుడ్లగూబ నిలుచున్న తీరులోనే తెలిసేది. టెట్రాడ్రాక్మా మీద అది పక్కకు నిలిచి ముఖం మాత్రం మనవైపు తిప్పుతుంది. అరుదైన పది డ్రాక్మాల నాణెం మీద రెక్కలు చాచి ఎదురుగా నిలుస్తుంది. మూడు ఒబోల్‌ల నాణెం మీద రెండు ఆలివ్ కొమ్మల నడుమ ఉంటుంది. రెండు ఒబోల్‌ల మీద ఒకే తలకు రెండు ఒళ్లు. అంకెలు రానివాళ్లు కూడా దీన్నిబట్టి చిల్లర లెక్కపెట్టుకోగలరు.

గుడ్లగూబ అంటే డబ్బు అన్నంతగా ఇది వాడుకలో పడింది. క్రీ.పూ. 404లో ఏథెన్స్ ఓడాక స్పార్టా సేనాని గిలిప్పస్ తాను మోసుకొచ్చిన వెండి సంచుల అడుగుకుట్లు విప్పి కొంత కాజేశాడు. ప్రతి సంచిలో ఎంత ఉందో రాసిన చీటీ ఉందని అతనికి తెలియదు. యజమాని ఇంటి పెంకుల కింద గుడ్లగూబలు చాలానే నిద్రపోతున్నాయని అతని నౌకరు నర్మగర్భంగా చెప్పగా గుట్టు బయటపడిందని ప్లూటార్క్ కథనం.

సిరక్యూస్ పనితనం

సిసిలీలో పరిస్థితి వేరు. అక్కడి గ్రీకు నగరాల నాణేలు ఎక్కువగా ఆ ద్వీపంలోనే తిరిగేవి. నగరాల మధ్య, వాటిని ఏలిన నియంతల మధ్య పోటీ గట్టిగా ఉండేది. రథపు పందెంలో గెలుపు ఆ పాలకులకు పెద్ద గొప్ప. మెస్సానా పాలకుడు అనాక్సిలస్ ఒలింపిక్స్‌లో కంచరగాడిదల బండి పందెం గెలిచి, ఆ బండినే నాణేలకు ఎక్కించాడు. అక్రగాస్ నగరం గద్ద, పీతలతో మొదలుపెట్టి, చివరికి చచ్చిన కుందేలు మీద వాలిన రెండు గద్దలను పది డ్రాక్మాల నాణెం మీద చూపింది.

వీటన్నిటిలో సిరక్యూస్ ముందుంది. ఒకవైపు నాలుగు గుర్రాల రథం, మీద ఎగిరి వచ్చి కిరీటం అందించే విజయదేవత నైకీ. రెండోవైపు అరెథూసా తల, చుట్టూ నాలుగు డాల్ఫిన్‌లు. అరెథూసా సిరక్యూస్ నగరపు ఓర్టీజియా దీవిలోని మంచినీటి ఊట. నదీదేవుడు ఆల్ఫియస్ వెంటబడితే గ్రీసు నుంచి సముద్రం కింద ప్రవహించి ఇక్కడ పైకి వచ్చిందని పురాణం. డాల్ఫిన్‌లు చుట్టూ ఉన్న ఉప్పునీటికి సంకేతం.

క్రీ.పూ. 5వ శతాబ్ది చివర ఇక్కడి అచ్చుల మీద చెక్కినవాళ్ల సంతకాలు కనిపిస్తాయి. యుఐనెటస్ తన పేరును నైకీ చేతిలోని చిన్న పలక మీద రాసుకున్నాడు. కిమోన్ చెక్కిన ఒక టెట్రాడ్రాక్మా మీద అరెథూసా నేరుగా మన వైపు చూస్తుంది. గాలికి చెదిరిన జుట్టు పాయల మధ్య నుంచి డాల్ఫిన్‌లు ఈదుతుంటాయి, నుదుటి పట్టీ మీద చెక్కినవాడి పేరు ఉంటుంది. చెలామణిలో అన్నిటికంటే ముందు అరిగిపోయేది ముక్కు కాబట్టి ఎదురుముఖం నాణేనికి అనువు కాదు. అయినా థెస్సలీలోని లరిస్సా నగరం ఈ రూపాన్ని అనుసరించింది. కిమోన్, యుఐనెటస్ చెక్కిన 43 గ్రాముల పది డ్రాక్మాల నాణేలు సిరక్యూస్ నియంత డయొనీసియస్ పాలన మొదలైన కాలానివి. వాటిలో రథం కింద కవచం, డాలు, శిరస్త్రాణం పేర్చి ఉంటాయి. అవి పందెం బహుమతులని కొన్ని నాణేల మీది రాత చెబుతుంది.

దొంగ నాణేలు, పరీక్ష

మోసం నాణెంతోపాటే పుట్టింది. రాగి బిళ్ల మీద వెండి రేకు తొడిగి ముద్ర కొట్టేవారు. అనుమానం వచ్చిన వర్తకుడు ఉలితో ఒక గాటు పెట్టి లోపలి లోహం చూసేవాడు. ఈజిప్టు, పశ్చిమాసియాల్లో దొరికిన గుడ్లగూబల మీద ఇలాంటి గాట్లు తరచుగా కనిపిస్తాయి. స్పార్టాతో జరిగిన పెలొపొనీసియన్ యుద్ధం చివర గనులు మూతబడి ఖజానా ఖాళీ అయినప్పుడు ఏథెన్స్ ప్రభుత్వమే వెండి పూత పూసిన రాగి నాణేలు వేసింది. మంచి డబ్బును చెడ్డ డబ్బు తరిమేసిందని అరిస్టోఫనీస్ తన ‘కప్పలు’ నాటకంలో ఎత్తిపొడిచాడు.

క్రీ.పూ. 375లో ఏథెన్స్ చేసిన ఒక చట్టం రాతిపలక మీద చెక్కి ఉండగా 1970లో ఏథెన్స్ నగర కూడలి అగోరా తవ్వకాల్లో బయటపడింది. దాని ప్రకారం ప్రభుత్వ బానిస ఒకడు షరాబుల బల్లల మధ్య కూర్చుని, ఎవరు నాణెం తెచ్చినా పరీక్షించాలి. లోపల రాగి గానీ సీసం గానీ ఉంటే వెంటనే అడ్డంగా కోసి దేవమాత ఆలయానికి చెందేలా అప్పగించాలి. వెండి సరైనదై ఏథెన్స్ ముద్ర ఉంటే దాన్ని ఎవరూ కాదనకూడదు. కాదన్న వ్యాపారి ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకు పోగొట్టుకుంటాడు. విధిని ఎగ్గొట్టిన పరీక్షకుడికి యాభై కొరడా దెబ్బలు. నగరం బొమ్మతో ఇచ్చిన పూచీని మనిషిని పెట్టి నిలబెట్టుకున్న ఏర్పాటు ఇది.

రాజుల ముఖాలు

మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ క్రీ.పూ. 356లో ఒలింపిక్ గుర్రప్పందెం గెలిచి, ఖర్జూరపు మట్ట పట్టిన రౌతును వెండి నాణేల మీదకు ఎక్కించాడు. కొడుకు అలెగ్జాండర్ ఏథెన్స్ తూకాన్ని తీసుకున్నాడు. బొమ్మవైపు సింహచర్మం కప్పుకున్న హెరాక్లీస్, బొరుసున గద్దను చేతిపై నిలిపి సింహాసనం మీద కూర్చున్న జ్యూస్. పర్షియన్ ఖజానాల వెండి ఈ రూపంలోకి మారి, అనేక టంకశాలల నుంచి వెలువడింది. అలెగ్జాండర్ చనిపోయాక కూడా రెండు శతాబ్దాలకు పైగా కొన్ని నగరాలు అదే నాణేన్ని వేస్తూ వచ్చాయి. ఊరి గుర్తు స్థానంలో అంతటా చెల్లే గుర్తు వచ్చింది.

అలెగ్జాండర్ సేనానులు రాజులయ్యాక మనిషి ముఖం నాణెం మీదకు వచ్చింది. లైసిమాకస్ తన నాణేల మీద అమ్మోన్ దేవుడి పొట్టేలు కొమ్ములతో అలెగ్జాండర్‌ను చూపాడు. ఈజిప్టులో మొదటి టోలెమీ బతికుండగానే సొంత ముఖాన్ని ముద్రించి, నాణెం బరువు తగ్గించి, విదేశీ డబ్బు రాజ్యంలో చెల్లకుండా కట్టడి చేశాడు. క్రీ.పూ. 2వ శతాబ్దిలో ఏథెన్స్ కూడా రూపం మార్చి, ఆంఫొరా కుండ మీద గుడ్లగూబను నిలిపి, అధికారుల పేర్లు చేర్చింది. రోమన్ ఆధిపత్యం బలపడేకొద్దీ గ్రీకు వెండి ముద్రణ సన్నగిల్లింది.

బాక్ట్రియా, భారతదేశం

నేటి అఫ్ఘానిస్థాన్‌లోని బాక్ట్రియాలో గ్రీకు రాజులు ముఖచిత్రణను మరో మెట్టు ఎక్కించారు. మొదటి యూథిడెమస్ నాణేల్లో కొన్ని వయసు మీరి బుగ్గలు వేలాడిన ముఖాన్ని దాచకుండా చూపుతాయి. హిందూకుష్ దాటి వచ్చిన ఇండో-గ్రీకు రాజులు తూకాన్ని సుమారు 2.45 గ్రాముల డ్రాక్మాకు తగ్గించి, ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠీ లిపిలో ప్రాకృతం రాయించారు. వారిలో ఒకడైన మినాండర్ నాణెం మీద గ్రీకు వైపు బసిలియస్, ప్రాకృతం వైపు మహారాజ అని ఉంటుంది. రెండు భాషల్లో ఒకే బిరుదు ఉండడంతో 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ తదితరులు ఖరోష్ఠీ లిపిని చదవగలిగారు. అగథొక్లీస్ అనే రాజు ఇంకో అడుగు వేసి, నాగలి పట్టిన బలరాముడిని, చక్రం పట్టిన వాసుదేవ కృష్ణుడిని చదరపు వెండి డ్రాక్మాలపై వేయించాడు. ఇవి 1970లో అయ్ ఖానూమ్ తవ్వకాల్లో దొరికాయి.

ఈ ముఖచిత్రపు నాణెం దక్కనుకు పశ్చిమ భారతాన్ని ఏలిన క్షత్రపుల మీదుగా చేరింది. క్షత్రప నహపానుడి వెండి నాణేల చుట్టూ గ్రీకు అక్షరాలు ఉన్నాయి. అతణ్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా నాణేల నిధిలో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా తిరగ ముద్రించినవే. వాశిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వంటి శాతవాహనులు సొంత ముఖాలతో వెండి నాణేలు వేసినప్పుడు అదే నమూనా తీసుకున్నారు. గ్రీకు రాత స్థానంలో ఒకవైపు ప్రాకృతం, మరోవైపు ద్రావిడ భాష వచ్చాయి.

అధ్యయనం

గ్రీకు నాణేల మీద సాధారణంగా సంవత్సరం ఉండదు. అందుకే కాలనిర్ణయం అచ్చుల పోలికతో, నిధులతో జరుగుతుంది. ఒక బొమ్మవైపు అచ్చు అరిగేలోగా రెండు మూడు బొరుసు అచ్చులు మారతాయి కాబట్టి, ఏ నాణెం ఏ అచ్చుతో కలిసిందో వరుసగా కట్టుకుంటూ పోతే టంకశాల పనిచేసిన క్రమం తేలుతుంది. ఒకేసారి పాతిపెట్టిన నిధిలో కొత్తవి, అరిగినవి పక్కపక్కన ఉండడం రెండో ఆధారం. నగరాలవారీగా ఈ సమాచారాన్ని కూర్చిన బార్క్‌లే హెడ్ గ్రంథం ‘హిస్టోరియా న్యుమోరం’ 1887లో వెలువడింది.

దొంగ తవ్వకాలు ఈ ఆధారాన్నే దెబ్బతీస్తాయి. టర్కీలోని ఎల్మలి దగ్గర 1984లో దొరికిన సుమారు 1,900 వెండి నాణేల నిధిలో అరుదైన ఏథెన్స్ పది డ్రాక్మాల నాణేలు ఉన్నాయి. దాన్ని అక్రమంగా అమెరికా తరలించగా, సుదీర్ఘ న్యాయపోరాటం తర్వాత 1999లో అందులో అధికభాగం టర్కీకి తిరిగి చేరింది. నాణెం విడిగా దొరికితే అది ఎక్కడ ముద్రితమైందో బొమ్మ చెబుతుంది. ఎవరి చేతులు మారి ఎంత దూరం వెళ్లిందో, ఎప్పుడు ఎందుకు దాచారో చెప్పాలంటే అది దొరికిన చోటు, దాంతోపాటు దొరికిన మిగతా నాణేలు చెదరకుండా ఉండాలి.